నన్ను చూడగానే నవ్వేస్తున్నారు, కామెడీ మానేయాలా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది కోనసీమలో ఒక పల్లెటూరు. వయసు 37. కువైట్‌లో ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఊళ్లో ఉన్నప్పుడు పరిషత్తు నాటకాల్లో వేషాలు వేసేవాణ్ణి. ఇక్కడ మన తెలుగువాళ్లు ఉగాదికీ సంక్రాంతికీ వేసే నాటికల్లోనూ వేస్తున్నాను. ఎప్పుడూ కామెడీ వేషమే. ఈ ఉగాదికి మాత్రం పట్టుబట్టి, కొడుకుని పోగొట్టుకున్న తండ్రి వేషం అడిగి తీసుకున్నాను. నేను స్టేజీ మీదికి రాగానే హాలంతా నవ్వింది. ఏడ్చే సీనులో కూడా నవ్వారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ఆఫీసులో ఈజిప్ట్ ఆయన ఒకరున్నారు. ఆయనకి ఈ సంగతి చెబితే, ఫోనులో ఒక పాత నలుపు తెలుపు సినిమా పెట్టి, ఈయన పేరు నగీబ్ ఎల్ రిహానీ, ముందు ఈయన కథ తెలుసుకో అన్నారు. భాష పూర్తిగా అర్థం కాకపోయినా ఆ ముఖం నన్ను వదలడం లేదు. ఎవరండీ ఈయన? నేను కామెడీ మానేయాలా? ఉద్యోగం వదిలేసి హైదరాబాద్ వచ్చేయాలని ఉంది. ఒకాయన 3 లక్షలు కడితే సినిమాలో మంచి పాత్ర ఇప్పిస్తానంటున్నాడు. మా ఆవిడకి ఒకటే టెన్షన్.

జవాబు: మీ ఆఫీసులో ఆ ఈజిప్ట్ ఆయనకి నా తరఫున కూడా థాంక్స్ చెప్పండి. మీ బాధ విని రెండు ఓదార్పు మాటలతో సరిపెట్టకుండా నేరుగా రిహానీని చూపించారంటే ఆయనకి నాటకం సంగతి బాగా తెలుసన్నమాట. ఎందుకంటే ఈ ఉగాదికి మీకు జరిగింది రిహానీకి అచ్చం అలాగే జరిగింది, వందేళ్ల కిందట, కైరోలో, అదీ ఆ రోజుల్లో అరబ్బీ నాటకంలో అందరికంటే గొప్ప ట్రాజెడీ నటుడిగా పేరున్న మనిషి కంపెనీలో.

ఆ గొప్ప నటుడి పేరు జార్జ్ అబ్యద్. పారిస్‌లో నటన నేర్చుకుని 1910లో తిరిగొచ్చి, 1912లో సొంత కంపెనీ పెట్టి ఈడిపస్, ఒథెల్లో లాంటి నాటకాలు అరబ్బీలో ఆడినవాడు. కుర్ర రిహానీకి ఆయనలా నిలబడి, ఆయనలా గొంతెత్తి మాట్లాడాలని కోరిక. ఆ కంపెనీలో చేరాడు. క్రూసేడ్ యుద్ధాల నాటి సుల్తాన్ సలాహుద్దీన్ కథతో ఆడిన నాటకంలో చిన్న రాజు వేషం ఇచ్చారు. రిహానీ పేరుతో వచ్చిన జ్ఞాపకాల్లో ఈ సంగతి ఉంది: వేషం కట్టుకుని స్టేజీ మీదికి రాగానే జనం పగలబడి నవ్వారు. గంభీరమైన నాటకం, ఎదురుగా జార్జ్ అబ్యద్, మధ్యలో ఈ నవ్వులు. అంతే, కంపెనీలోంచి తీసేశారు. మీరన్నా మర్నాడు ఆఫీసుకి వెళ్లి జీతం తీసుకునే పనిలో ఉన్నారు, ఆయనకి ఆ పూట గడిచే దారి కూడా అదే.

ఇక ఎవరీయన అన్నారు కదా, మొదటి నుంచీ చెబుతాను.

1889లో కైరోలోని బాబ్ అల్ షారియా పేటలో పుట్టాడు. తండ్రి వైపు వాళ్లు ఇరాక్‌లోని మోసుల్ నుంచి వచ్చిన క్రైస్తవులు, గుర్రాల వ్యాపారం చేసేవారు. తల్లి ఈజిప్ట్ కాప్టిక్ క్రైస్తవురాలు. ఫ్రెంచి మిషనరీల బడిలో చదివాడు. ఆ ఫ్రెంచి చదువే తర్వాత ఆయనకి అన్నం పెట్టింది, ఎలాగో ముందు ముందు తెలుస్తుంది. చదువయ్యాక వ్యవసాయ బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. అదే బ్యాంకులో అజీజ్ ఈద్ అనే ఇంకో గుమాస్తా ఉండేవాడు. ఇతను కూడా నాటకాల పిచ్చోడే, తర్వాతి రోజుల్లో ఈజిప్ట్ నాటకానికి దర్శకత్వం అంటే ఏమిటో నేర్పిన మొదటి తరం మనిషి. ఇద్దరూ కలిస్తే లెక్కల పుస్తకాల మీద ధ్యాస ఎక్కడుంటుంది? ఉద్యోగానికి సరిగ్గా వెళ్లక పోగొట్టుకున్నాడు. కొన్నాళ్లు నాటకాల చుట్టూ తిరిగి, కడుపు నిండక, ఎక్కడో దూరంగా దక్షిణాన ఉన్న నగ్ హమ్మాదీ అనే ఊళ్లో చక్కెర కంపెనీలో మళ్లీ గుమాస్తాగా చేరాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఉద్యోగం వదలాలా అన్న మీ సందేహానికి జవాబు సగం ఇక్కడే ఉంది. ఉద్యోగం వదిలేస్తే కళ వస్తుందని మీరు అనుకుంటున్నారు. రిహానీ కళ కోసం ఉద్యోగాన్ని త్యాగం చేసిన హీరో కాదు, ఉద్యోగం ఊడిన మనిషి, ఊడాక మళ్లీ వెతుక్కున్న మనిషి. ఆ బ్యాంకూ ఆ చక్కెర కంపెనీ ఆయనకి తర్వాత ఏం పనికొచ్చాయో చూడండి. ఆయన చివరి పదిహేనేళ్లలో వేసిన గొప్ప పాత్రలన్నీ ఎవరు? గుమాస్తాలు, బడిపంతుళ్లు, దుకాణాల్లో చిన్న ఉద్యోగులు, నెలాఖరుకి జేబులో చిల్లర లెక్కపెట్టుకునేవాళ్లు, యజమాని పిలిస్తే కోటు గుండీ సరిచేసుకుని వెళ్లేవాళ్లు. 1941లో వచ్చిన 'సీ ఒమర్' సినిమాలో ఆయన ఒక పెద్ద ఎస్టేటులో లెక్కలు రాసే నిజాయితీపరుడు, మేనేజరు దొంగతనం బయటపెట్టబోతే ఇతని ఉద్యోగమే పోతుంది. మీరు అకౌంట్స్ చూస్తారు కదా, ఆ సినిమా తప్పకుండా చూడండి. కాగితాల ముందు కూర్చున్న మనిషి భుజాలు ఎలా ఉంటాయో, పై ఆఫీసరుతో మాట్లాడేటప్పుడు గొంతు ఎంత తగ్గుతుందో రిహానీకి ఎవరూ నేర్పలేదు, ఆ బతుకు బతికి తెలుసుకున్నాడు. ఆ బతుకు మీకూ ఉంది, దాన్ని నటనకి అడ్డం అనుకోకండి.

సరే, కథలోకి వద్దాం. 1916 నాటికి రిహానీ చేతిలో ఏమీ లేదు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది, కైరో నిండా బ్రిటిష్ సామ్రాజ్యపు సైనికులు, ఆ సైనికుల డబ్బుతో వెలిగిపోతున్న క్యాబరేలు. వాటిలో ఆబే దే రోజ్ అనే చోట స్టెఫాన్ రోస్తీ అనే స్నేహితుడితో కలిసి, తెర వెనక నీడలా కనిపించే చిన్న ఐటమ్ ఒకటి చేసేవాడు. అక్కడే కిష్‌కిష్ బే పుట్టాడు. కిష్‌కిష్ బే అంటే ఒక పల్లెటూరి ఉమ్దా, మన వైపు పాత రోజుల మునసబు లాంటివాడు. పత్తి అమ్మిన డబ్బు మూట కట్టుకుని కైరో వస్తాడు, పట్నం సొగసులు చూసి మతి పోగొట్టుకుంటాడు, ఆడవాళ్ల చేతుల్లో డబ్బంతా ఖర్చు చేసుకుని బుద్ధొచ్చి ఊరికి పోతాడు, మళ్లీ పత్తి పండగానే తయారు. గడ్డం, తలపాగా, పొడుగు జుబ్బా, పక్కన ఫ్రెంచి పాటలు పాడే అమ్మాయిలు, సగం అరబ్బీ సగం ఫ్రెంచి. యుద్ధం వల్ల పత్తి ధరలు పెరిగి పల్లెల్లో నిజంగానే కొందరి చేతుల్లోకి డబ్బొచ్చిన రోజులు కాబట్టి ఆ మనిషి జనానికి బాగా తెలిసినవాడే. రాత్రికి రాత్రి రిహానీ పేరు కైరో అంతా మారుమోగింది. ఇమాద్ అల్ దీన్ వీధి అంటే అప్పట్లో కైరోలో నాటకాల వీధి, వరసగా హాళ్లే. ఆ వీధిలో ఈయనకి పోటీగా అలీ అల్ కస్సార్ అనే ఇంకో కమెడియన్ ఈజిప్ట్ దక్షిణాన ఉండే నూబియా వాడి వేషం కట్టి నిలబడ్డాడు, ఇద్దరి మధ్యా ఏళ్ల తరబడి పోటీ నడిచింది.

పేరొచ్చింది, డబ్బొచ్చింది. రిహానీకి మాత్రం తృప్తి లేదు. జార్జ్ అబ్యద్‌లా కావాలనుకున్నవాడు క్యాబరే గడ్డంలో ఇరుక్కుపోయాడు. మీ ఉత్తరంలో 'ఎప్పుడూ కామెడీ వేషమే' అన్న మాట చదివినప్పుడు నాకు ఆ కాలపు రిహానీయే కళ్ల ముందు కదిలాడు.

ఆ సమయంలో ఆయనకి దొరికిన అదృష్టం ఒక రచయిత. పేరు బదీ ఖైరీ. బడిపంతులు, జానపద బాణీలో పాటలు కట్టేవాడు. 1918లో వీళ్లిద్దరూ కలిశారు, 1949లో రిహానీ పోయేదాకా విడిపోలేదు. ముప్పై ఒక్కేళ్లు. ఒకరు క్రైస్తవుడు, ఒకరు ముస్లిం. ఇద్దరూ కూర్చుని ఫ్రెంచి నాటకం ఒకటి తీసుకుని, దాని ఎముకలు మాత్రం ఉంచి, మిగతాదంతా కైరో సందుల్లో మనుషుల మాటలతో తిరిగి కట్టేవాళ్లు. బడిలో నేర్చుకున్న ఫ్రెంచి అన్నం పెట్టిందని అన్నాను కదా, ఇదే. సంగీతానికి సయ్యద్ దర్వీష్ తోడయ్యాడు. ఈయనది ఆధునిక ఈజిప్ట్ సంగీతంలో అందరికంటే ముందు చెప్పే పేరు. 1919లో బ్రిటిష్ పాలన మీద దేశమంతా తిరగబడినప్పుడు, 'లేవరా ఈజిప్ట్ బిడ్డా' అని పిలిచే పాట పుట్టింది ఈ ముగ్గురి నాటకంలోనే. మాట ఖైరీది, బాణీ దర్వీష్‌ది, ఆడింది రిహానీ కంపెనీ. క్యాబరేలో మొదలైన నవ్వుల ట్రూపు మూడేళ్లలో ఉద్యమం పాట దాకా వచ్చిందంటే నవ్వు తక్కువ పని అని ఎవరంటారు? మరుసటి ఏడాది దర్వీష్ సంగీతంతోనే 'అల్ అషరా అల్ తయ్యిబా' అనే సంగీత నాటకం వేశారు. అందులో పాత తుర్కీ దొరలను ఎగతాళి చేసేసరికి, బ్రిటిష్ వాళ్లకి అనుకూలంగా రాశారని నిందలు వచ్చాయి. పాపం, ఉద్యమం పాట ఇచ్చినవాళ్ల మీదే.

1924లో బదియా మసాబ్నీ అనే నర్తకిని పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరూ ట్రూపుతో బ్రెజిల్, అర్జెంటీనా దాకా వెళ్లి, అక్కడ స్థిరపడిన అరబ్బుల ముందు నాటకాలు ఆడారు. కువైట్‌లో మన నాటిక చూడ్డానికి సెలవు రోజు మీవాళ్లు ఎలా వస్తారో అలాగే ఆ మనుషులూ వచ్చి ఉంటారు. ఆ కాపురం నిలబడలేదు. బదియా తర్వాత సొంతంగా పెట్టిన కేసినో ఈజిప్ట్ నృత్యానికే పెద్ద బడి అయింది, అది వేరే కథ.

ఇప్పుడు మీరు జాగ్రత్తగా చదవాల్సిన భాగం. 1926లో రిహానీ ఇక లాభం లేదని కిష్‌కిష్ బేని పక్కన పెట్టేశాడు. అప్పటికి మూడేళ్ల కిందటే యూసుఫ్ వహ్బీ అనే డబ్బున్న ఇంటి కుర్రాడు ఇటలీ వెళ్లొచ్చి రామ్సెస్ అనే కంపెనీ పెట్టి, ఏడిపించే మెలోడ్రామాలతో కైరోని ఊపేస్తున్నాడు. జనం ఏడవడానికి టికెట్ కొంటున్నారు కదా, నేనూ ఏడిపించగలను అనుకున్నాడు రిహానీ. మంచి మంచి నటుల్ని తీసుకుని సీరియస్ నాటకాల కంపెనీ కట్టాడు, యూరప్ ట్రాజెడీలు వేశాడు. దెబ్బతిన్నాడు. చూడ్డానికి జనం రాలేదు, డబ్బు పోయింది, మళ్లీ గడ్డం పెట్టుకుని కిష్‌కిష్ బేగా తిరిగి రావాల్సి వచ్చింది.

ఎందుకు దెబ్బతిన్నాడు? ఆయనకి నటన రాక కాదు. ఆయన చేసింది వహ్బీ పద్ధతి, అబ్యద్ పద్ధతి. గొంతు వాళ్లది, నిలబడే తీరు వాళ్లది, వేదన కూడా వాళ్లదే. ఆ హాల్లో కూర్చున్న మనిషికి రిహానీ మీద పదేళ్ల ప్రేమ ఉంది, ఆ ప్రేమ నవ్వులోంచి వచ్చింది, ఈయనేమో ఆ ప్రేమని గుమ్మం బయట వదిలి రమ్మన్నాడు. మీ ఉగాది నాటికలో కూడా ఇదే జరిగిందని నా అనుమానం. మీరు స్టేజీ మీదికి రాగానే వాళ్లు నవ్వింది మిమ్మల్ని అవమానించడానికి కాదు, వారం అంతా పని చేసి అలసిపోయి వచ్చినవాళ్లకి మీరు కనబడగానే ప్రాణం తేలికపడింది. దానికి మీరు కోపం తెచ్చుకున్నారు. కోపంతో గొంతు ఇంకా బిగించి ఉంటారు. బిగించిన కొద్దీ వాళ్లకి, మనవాడు ఎవరినో అనుకరిస్తున్నాడు, ఇదీ కామెడీయే అనిపించి ఉంటుంది.

రిహానీ దీన్నుంచి ఎలా బయటపడ్డాడన్నది నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఒక్కసారిగా జరగలేదు. 1931లో ఖైరీతో కలిసి 'ఎల్ గినే ఎల్ మస్రీ' అనే నాటకం వేశాడు. దానికి మూలం మార్సెల్ పాన్యోల్ రాసిన ఫ్రెంచి నాటకం 'టోపాజ్'. నిజాయితీ తప్ప ఇంకేమీ తెలియని పంతులు, డబ్బున్న ఇంటి పిల్లవాడికి మార్కులు మార్చనన్నందుకు ఉద్యోగం పోగొట్టుకుంటాడు, దొంగల చేతిలో పడతాడు, చివరికి వాళ్లని మించినవాడై కూర్చుంటాడు. నవ్వుతూనే ఉంటాం, కానీ ఇంటికెళ్లాక మనసు ఊరుకోదు. ఆ నాటకం మొదట ఆడలేదు. కిష్‌కిష్ గెంతులు కావాలని వచ్చిన జనం నిరాశపడ్డారు. కానీ ఈసారి రిహానీ దారి మార్చలేదు, ఎందుకంటే ఇది అబ్యద్‌దీ కాదు, వహ్బీదీ కాదు, తన సొంతం అని తెలిసింది. 1934లో 'అల్ దున్యా లమ్మా తిద్‌హక్', 1936లో 'హుక్మ్ కరాకూష్', అలా ఒక్కొక్కటీ వేస్తూ జనాన్ని మెల్లగా తన వైపు తిప్పుకున్నాడు. గడ్డం పోయింది, తలపాగా పోయింది. సొంత ముఖం, కాస్త మాసిన సూటు, నెత్తిన తర్బూష్ టోపీ, అంతే. అరుపులు లేవు. గొంతు కొంచెం బొంగురు, మాట మామూలు ఇంట్లో మాట. తర్వాత 'హసన్, మర్కుస్, కోహెన్' వేశారు. ఒక ముస్లిం, ఒక క్రైస్తవుడు, ఒక యూదుడు కలిసి మందుల షాపు నడుపుతుంటారు, ముగ్గురూ కలిసి తమ దగ్గర పనిచేసే అమాయకుణ్ణి పిండుకుంటారు. ఆ అమాయకుడు రిహానీ. ఆ పేరు ఈజిప్ట్‌లో ఎంత నిలిచిపోయిందంటే 2008లో అదెల్ ఇమామ్, ఒమర్ షరీఫ్ కలిసి నటించిన సినిమాకి 'హసన్, మర్కుస్' అని పెట్టుకున్నారు.

సినిమా సంగతికి వస్తే ఆయన చేసినవి పదికి మించవు. మొదట్లో కిష్‌కిష్ బేనే కెమెరా ముందు నిలబెట్టారు, ఏమంత గొప్పగా రాలేదు. అసలు సినిమా 1937లో 'సలామా ఫీ ఖైర్'తో మొదలైంది. స్టూడియో మిస్ర్ వాళ్లది, దర్శకుడు నియాజీ ముస్తఫాకి అదే మొదటి సినిమా. బట్టల దుకాణంలో చిన్న ఉద్యోగి, బ్యాంకులో కట్టమని ఇచ్చిన పెద్ద మొత్తం చేతిలో ఉంటుంది, వెళ్లేసరికి బ్యాంకు మూసేసి ఉంటుంది, ఆ డబ్బు భద్రంగా ఉంచాలని ఒక పెద్ద హోటల్లో దిగుతాడు, అక్కడ ఇతన్ని రాజుగారనుకుంటారు. ఆ బ్యాగు పట్టుకుని నడిచే భయం చూడండి. ఇతరుల డబ్బు మోసే మనిషి ఒంట్లో ఉండే భయం అది, మీకు ఒక్క ముక్క అరబ్బీ రాకపోయినా అర్థమవుతుంది. 1946లో వచ్చిన 'లిఅబత్ ఎస్సిత్' కూడా చాలా మంచిది. యుద్ధంలో జర్మన్లు ఈజిప్ట్ వైపు వస్తున్నారని భయపడి ఒక యూదు వ్యాపారి తన దుకాణాన్ని పని లేక తిరుగుతున్న ఈయన చేతుల్లో పెట్టి వెళ్లిపోతాడు. పేదరికంలో మంచిగా ఉన్న మనిషి డబ్బొచ్చాక కూడా అలాగే ఉంటాడా అన్నది నడిపించిన తీరు బాగుంటుంది.

మీ ఆఫీసు ఆయన చూపించింది 1949 నాటి 'గజల్ అల్ బనాత్' అయ్యుంటుందని నా ఊహ, ఎందుకంటే ఈజిప్ట్ వాళ్లు ఎవరికైనా రిహానీని పరిచయం చేయాలంటే ముందు అదే చూపిస్తారు. అన్వర్ వగ్దీ తీసిన సినిమా, ఇందులో రిహానీ హమామ్ అనే అరబ్బీ పంతులు. ఆడపిల్లల బడిలో ఉద్యోగం పోతుంది, ఒక పాషా (అంటే బిరుదున్న పెద్ద ధనికుడు) గారింట్లో పరీక్ష తప్పిన కూతురికి ట్యూషన్ చెప్పడానికి కుదురుతాడు. ఆ కూతురు లైలా మురాద్, ఆ కాలపు గొప్ప గాయని. బంగళాలోకి అడుగుపెట్టగానే దర్జాగా బట్టలేసుకున్నవాణ్ణి చూసి పాషా అనుకుని దణ్ణాలు పెడతాడు, తీరా చూస్తే అతను కుక్కని చూసుకునేవాడు, జీతం పంతులు కంటే చాలా ఎక్కువ. అక్కడ రిహానీ ముఖం చూడండి. ఏడవడు. లెక్క వేసుకుంటాడు. నవ్వొస్తుంది, వెంటనే సిగ్గేస్తుంది.

వయసు మళ్లిన ఆ పంతులు ఆ పిల్లని ప్రేమిస్తాడు, అది జరిగేది కాదని తనకే తెలుసు. చివర్లో రాత్రివేళ వీళ్లు ఒక ఇంట్లోకి చొరబడతారు. ఆ ఇల్లు ఎవరిదనుకున్నారు? యూసుఫ్ వహ్బీది. నిజం యూసుఫ్ వహ్బీయే తనలాగే కనిపిస్తాడు. లోపల ఆ కాలపు పెద్ద గాయకుడు అబ్దుల్ వహాబ్ తన వాద్యబృందంతో 'ఆషిక్ అల్ రూహ్' పాట పాడుతుంటాడు, ప్రేమ కోసం ప్రేమనే వదులుకున్నవాడి పాట. కెమెరా రిహానీ ముఖం మీద నిలుస్తుంది, ఆ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఒక్క డైలాగు లేదు. ఇరవై మూడేళ్ల కిందట ఎవరి ట్రాజెడీలు చూసి పోటీకి దిగి ఓడిపోయాడో ఆ వహ్బీ అదే సీనులో పక్కనే ఉన్నాడు, దేశమంతా ఏడ్చింది మాత్రం కమెడియన్‌ని చూసి. ఎందుకేడ్చారు? అప్పటిదాకా గంటన్నర పాటు ఆ పంతులుతో కలిసి నవ్వారు కాబట్టి. ఆ నవ్వు లేకుండా ఆ కన్నీళ్లకి విలువ లేదు. నేను మీకు చెప్పదలచుకున్నదంతా ఈ సీనులోనే ఉంది.

ఆ సినిమా ఆయన చూసుకోలేదు. 1949 జూన్ 8న కైరోలో టైఫాయిడ్‌తో పోయాడు, అరవై ఏళ్లు. సినిమా ఆ తర్వాత కొద్ది నెలలకే విడుదలైంది. కంపెనీని మాత్రం ఖైరీ ఆగిపోనివ్వలేదు, రిహానీ లేకుండానే ఆ నాటకాలు ఆడుతూ వచ్చారు.

ఇప్పుడు మీ సంగతి.

కామెడీ మానకండి. కొడుకు పోయిన తండ్రి వేషం కూడా ప్రస్తుతానికి మళ్లీ అడగకండి. మీకు కావాల్సింది ఇంకొకరు రాసిన ఏడుపు కాదు, మీ కోసం రాసిన మనిషి. అందుకే ముందు మీ బదీ ఖైరీని వెతుక్కోండి. కువైట్‌లో మన తెలుగువాళ్లలో రాసేవాళ్లు ఉంటారు, కవితలో కథలో రాసి ఎవరికీ చూపించకుండా పెట్టుకున్న మనిషి ఒకరైనా తప్పక ఉంటారు. గొప్ప రచయిత అక్కర్లేదు, మీరు మాట్లాడే తీరు తెలిసినవాడు కావాలి. ఇద్దరూ కూర్చుని ఇరవై నిమిషాల నాటిక ఒకటి రాసుకోండి. ఉదాహరణకి చెబుతాను, నచ్చకపోతే వదిలేయండి: అక్కడ అకౌంట్స్ చూసే ఒక గోదావరి జిల్లా మనిషి, రూమ్‌లో అందరినీ నవ్వించేవాడు, కంపెనీ మూతపడి అకామా (అక్కడ ఉండే పర్మిట్) రెన్యువల్ కాలేదు, ఇంట్లో చెప్పలేదు. రోజూ వీడియో కాల్‌లో కూతురికి కబుర్లు చెప్పి నవ్విస్తుంటాడు. నాటికంతా ఆ కాల్సే. మొదటి పది నిమిషాలు మీకు చేతనైనంత నవ్వించండి, ఏమీ దాచుకోకండి. తర్వాత ఏం జరిగినా మీరు మాత్రం అదే గొంతుతో, అదే నవ్వు ముఖంతో ఉండండి. ఏడవకండి. ఏడవాలా వద్దా అన్నది హాల్లోవాళ్లు చూసుకుంటారు. మొదటిసారి కొందరు చివరిదాకా నవ్వుతూనే ఉండొచ్చు, రిహానీ నాటకానికి కూడా 1931లో జనం సరిగ్గా కుదురుకోలేదు. నాటిక మార్చకుండా ఇంకోసారి ఆడండి.

ఇంకో మాట, మీ శరీరం గురించి. కామెడీ వేషాల్లో అలవాటైన నడక, కళ్లు తిప్పడం, ఆ సాగదీసే మాట, ఇవి మీ కిష్‌కిష్ గడ్డం. వాటిని ఒక్కొక్కటీ తీసేసి చూడండి. రిహానీ సినిమాల్లో శబ్దం ఆపేసి కేవలం చేతుల్ని చూస్తూ ఒకసారి, కళ్లని చూస్తూ ఒకసారి చూడండి. మీ ఈజిప్ట్ మిత్రుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ కుక్క జీతం సీనులో మాటలన్నీ అర్థం చెప్పించుకోండి, ఆయనకి కూడా సంతోషంగా ఉంటుంది.

ఉద్యోగం వదలకండి. కళ గొప్పదా ఉద్యోగం గొప్పదా అని కాదు, మీ మీద ఆధారపడినవాళ్లు ఉన్నారు, పైగా మీరింకా మీ సొంత పాత్ర ఒక్కటీ ఆడలేదు. ఆడాక, అది నాలుగు చోట్ల నిలబడ్డాక, అప్పుడు మాట్లాడదాం. వచ్చే ఏడాది సెలవు ఇంటి పెళ్లిళ్లను బట్టి కాకుండా పరిషత్తు పోటీల తేదీలను బట్టి పెట్టుకోండి. ఆ నాటికని కోనసీమలోనే, మిమ్మల్ని కమెడియన్‌గా ఎరిగిన ఊళ్లోనే, ఆడండి. ఎవరిచేతనైనా మంచి ఫోనుతో మొత్తం తీయించండి. షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు, వెబ్ సిరీస్‌లకి నటుల్ని వెతికేవాళ్లు ఇప్పుడు నాటకాల వీడియోలు చూస్తున్నారు. అడిగితే పంపడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా.

ఆ 3 లక్షల మనిషికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. సినిమాలో నటుడికి డబ్బు ఇస్తారు, నటుడి దగ్గర తీసుకోరు. పాత్ర ఇప్పిస్తానని ముందుగా డబ్బడిగేవాడు ఎంత పెద్దవాళ్లతో దిగిన ఫొటోలు చూపించినా సరే, అడ్వాన్స్ అన్నా, రిజిస్ట్రేషన్ అన్నా, ఫొటోషూట్ ఖర్చన్నా సరే. ఇప్పటికే ఏమైనా పంపి ఉంటే ఆ మెసేజీలూ బ్యాంకు వివరాలూ చెరిపేయకుండా దాచి, ఇంట్లోవాళ్ల చేత సైబర్ క్రైమ్ 1930 నంబరుకి ఫోన్ చేయించండి. మీ నాటికకి ఆ డబ్బులో పదో వంతు కూడా పట్టదు: ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ఫోను, ఊళ్లో ఆడినప్పుడు లైట్లవాడికీ మేకప్ ఆయనకీ ఇచ్చేది. ఆ లెక్క మీరే కాగితం మీద వేసి, సెలవు తేదీలతో సహా మీ ఆవిడకి చూపించండి, ఆవిడ టెన్షన్ సగం ఆ లెక్క చూస్తేనే తగ్గుతుంది. నాటిక రాయడం అయ్యాక నాకు పంపండి, చదివి చెబుతాను.